నాకింకా ఒక లైఫుంది!

గాలి ఊదిన క్యాసెట్టు, ఇద్దరు లాక్కునే రిమోట్టు, తెరమీద గెంతే మీసాల మారియో... తొంభైల్లో వీటితో పెరిగిన పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలయ్యారు. చేతిలోకి ఎంత గొప్ప ఫోనొచ్చినా ఆ పాత ఆట మీద మోజు మాత్రం పోలేదు. ఎందుకంటారు?

విజయదశమి సాయంత్రం మద్దికెర వీధుల్లో నిలబడ్డానికి చోటు దొరకదు. పాలెగాళ్ల వంశీకులు తలపాగాలు చుట్టి గుర్రాలెక్కుతారు. డెక్కల చప్పుడుకి దుమ్ము లేస్తుంది. అరుగుల మీదా మిద్దెల మీదా ఎక్కడ చూసినా జనమే. కర్నూలు జిల్లాలోని ఈ ఊరి పేరు పేపర్లోకెక్కేది ముఖ్యంగా ఆ గుర్రాల పందెం వల్లే.

పందెం అయిపోతుంది. దుమ్ము అణుగుతుంది. దసరా సెలవులు మాత్రం ఇంకా మిగిలే ఉంటాయి. మరి పిల్లలేం చేయాలి? తొంభైల్లో ఇక్కడయినా, ఆదోనిలో అయినా, ఎమ్మిగనూరులో అయినా టీవీ గేమ్ ఉన్న ఇంట్లో ఇంకో పందెం మొదలయ్యేది. అందులో గుర్రాలుండవు. ఎర్రకారు ఒకటుంటుంది. తెరమీద రోడ్డు కిందికి జారుతుంటుంది. గుర్రం అలిసిపోయినట్టే ఇక్కడ కారులో పెట్రోలు అయిపోతుంటుంది. జపాన్‌లోని కొనామీ కంపెనీ 1984లో చేసిన ఆ ఆట పేరు రోడ్ ఫైటర్. ఆ పేరెవరికి కావాలి? పిల్లలకది ‘కారు ఆట’, అంతే!

బాతుల ఆట, ట్యాంకుల ఆట, తుపాకుల ఆట... అన్నిటికీ ఇలాంటి సొంత పేర్లే. ఒక్క మారియోకి మాత్రం ఎవరూ పేరు మార్చలేదు.

ఏంటెన్నా పీకితే ఆట!

వీడియో గేమ్ ఇంట్లోకి రావడమంటే మాటలు కాదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న మామయ్య పట్టుకురావాలి. లేదంటే ఫస్టు క్లాసులో పాసయితే కొనిస్తానని నాన్న మాటివ్వాలి. తీరా వచ్చాక దాన్ని టీవీకి తగిలించడం ఇంకో యజ్ఞం. టీవీ వెనక ఏంటెన్నా వైరు పీకి, పెట్టెలోంచి వచ్చిన వైరు గుచ్చి, ఛానెల్ మీట తిప్పుతూ పోతే బురబురమనే చుక్కల మధ్య ఒక్కసారిగా రంగుల బొమ్మ వచ్చేది. ఆ క్షణాన ఇల్లంతా ఒకటే కేక!

ఆ ఆటపెట్టెకి మూలం జపాన్‌లో ఉంది. చీట్ల పేకలు అమ్మడంతో 1889లో మొదలైన నింటెండో సంస్థ, 1983 జులై 15న ఫ్యామిలీ కంప్యూటర్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అక్కడివాళ్లు ముద్దుగా ‘ఫ్యామికామ్’ అన్నారు. దాన్ని రూపొందించిన ఇంజినీరు మసయుకి ఉయెమురా. రెండేళ్ల తర్వాత అదే యంత్రం రూపు మార్చుకుని అమెరికా చేరింది. మనదేశంలో ‘సమురాయ్’ పేరుతో నింటెండో యంత్రాలు అమ్మారు. అయితే సామాన్యుడి ఇంట్లోకి ఎక్కువగా వచ్చినవి వాటికి నకళ్లే. మీడియా కంపెనీ ‘లిటిల్ మాస్టర్’లాంటివి కొన్ని. ఏ పేరూ లేనివి ఎన్నో!

మనొక్కరిదే కాదు ఈ కథ. రష్యాలో 1992లో ‘డెండీ’ పేరుతో వచ్చిన యంత్రమూ నకలే. చైనాలో ‘సుబోర్’ కూడా అంతే. మాస్కోలో పిల్లాడూ, ఆదోనిలో పిల్లాడూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే ఒకే గుంతలో పడి చచ్చారు. ఒకే పుట్టగొడుగు తిని పెద్దవాళ్లయ్యారు.

ఇక ఆ క్యాసెట్ల సంగతి! అట్టమీద ‘9999999 ఇన్ 1’ అని అచ్చేసి ఉండేది. ఒక జన్మ చాలదేమో అనిపించేది. తీరా చూస్తే అందులో అసలు ఆటలు పదో ఇరవయ్యో. అవే మళ్లీ మళ్లీ వచ్చేవి, ఒకచోట మొదటి దశ నుంచి, ఇంకోచోట మూడో దశ నుంచి. పిల్లలు మోసపోయామని ఏడ్చారా? లేదు. ఏ నంబరు కింద ఏముందో నోట్‌బుక్కు వెనకపేజీలో రాసిపెట్టుకున్నారు.

ఊదితే పనిచేస్తుందా?

ఆట ఆగిపోయింది. తెరమీద పిచ్చిగీతలు. వెంటనే ఏం చేయాలి? తొంభైల పిల్లల్లో ఎవర్నడిగినా ఒకటే జవాబు. క్యాసెట్టు తీసి, కిందనున్న సందులో ‘ఫూ...’ అని ఊది, మళ్లీ పెట్టాలి. ఎవరు నేర్పారో తెలీదు. మద్దికెరలోనూ అదే వైద్యం, మాంచెస్టర్‌లోనూ అదే!

నిజానికి ఊదడంవల్ల లాభం లేదు. క్యాసెట్టు అడుగున వరసగా లోహపు పట్టీలుంటాయి. అవి యంత్రంలోని పిన్నులకు సరిగ్గా తగలకపోతే బొమ్మ చెదిరిపోతుంది. తీసి మళ్లీ గుచ్చినప్పుడు పట్టీ కాస్త అటూ ఇటూ జరిగి సరిగ్గా కూర్చునేది. బాగుపడింది అందుకే. పేరు మాత్రం ఊపిరి కొట్టేసింది. పైగా నోటితేమ తగిలి ఆ లోహం పాడవుతుంది కూడా. ఊదొద్దని నింటెండోనే చెప్పింది. ఎవరు విన్నారు!

బాతుల ఆటలో తుపాకీ మరో వింత. గుండు లేదు, తీగలోంచి ఏమీ దూసుకుపోదు. మరి బాతెలా పడుతుంది? పిల్లలు అప్పట్లో ఎన్నో సిద్ధాంతాలు చెప్పుకునేవారు. అసలు కిటుకు తిరగేసి ఉంది. తుపాకీ ఏమీ విసరదు. అది చూస్తుందంతే. మీట నొక్కగానే తెర ఒక్క లిప్తపాటు నల్లగా మారుతుంది. వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ కొనలో ఉన్న చిన్న కన్ను ముందు చీకటిని, తర్వాత ఆ వెలుగుని చూస్తే... బాతు పడినట్టే! గదిలో వెలిగే బల్బువైపు పెట్టి కొట్టేద్దామంటే అందుకే కుదరదు. ముందు చీకటి కనపడాలిగా మరి.

ఈ కిటుకంతా లావుపాటి పాతటీవీల మీదే ఆధారపడింది. బొమ్మ తెరమీదికొచ్చే సమయం అందులో లెక్కప్రకారం ఉంటుంది. ఇప్పటి పల్చటి టీవీల్లో ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి 1984 నాటి ఆ తుపాకీని ఇవాళ గోడకున్న ఎల్‌ఈడీ టీవీకి గురిపెడితే, ఎన్నిసార్లు నొక్కినా కుక్క నవ్వుతూనే ఉంటుంది.

40 కేబీల్లో ఓ లోకం

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఎంతో తెలుసా? 40 కిలోబైట్లు. సెల్‌ఫోనుతో తీసిన ఫొటో రెండు ఎంబీలనుకుంటే, ఆ ఒక్క ఫొటో చోటులో యాభై మారియోలు పడతాయి. అంత చిన్నజాగాలో ఎనిమిది ప్రపంచాలు, 32 దశలు, సంగీతం, తాబేళ్లు, కోటలు... ఎలా పట్టాయి?

పొదుపు. పేదింటి ఇల్లాలు ఒక చీరని మొదట తాను కట్టి, తర్వాత పరికిణీ కుట్టించి, చివరికి మసిగుడ్డ చేసినట్టు! ఆకాశంలో తేలే మబ్బునీ, నేలమీది పొదనీ ఈసారి జాగ్రత్తగా చూడండి. రెండూ ఒకే బొమ్మ. ఒకదానికి తెలుపు, ఇంకోదానికి ఆకుపచ్చ వేశారు. ముప్ఫయ్యేళ్లు ఆడినవాళ్లకీ చెబితేగానీ తెలియని రహస్యమిది.

మారియో మీసం కథా అలాంటిదే. 1981లో డాంకీ కాంగ్ అనే ఆట కోసం షిగెరు మియామొటో ఈ బొమ్మ గీసినప్పుడు ముఖానికి దొరికింది చాలా కొద్ది చుక్కలు. అందులో నోరు గీస్తే కనపడదు. మీసం పెట్టేస్తే నోటి పని తప్పింది. జుట్టు ఎగరడం గీయలేరు కాబట్టి టోపీ పెట్టారు. చేతులు ఊగడం తెలియాలి కాబట్టి ఒంటి రంగూ చేతుల రంగూ వేరు చేశారు. లేనితనం నుంచి పుట్టిన ఆ ముఖాన్ని ఇప్పుడు ప్రపంచంలో గుర్తుపట్టనివాళ్లు తక్కువ.

అంతకుముందు 1978లో టొమొహిరో నిషికాడొ చేసిన స్పేస్ ఇన్‌వేడర్స్‌లోనూ ఇదే చిత్రం. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా దిగుతారు. గుండె దడదడలాడుతుంది. మొదట అది కావాలని పెట్టింది కాదు. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి ఆ పాత చిప్పుకి పని తేలికయింది, వేగం పెరిగింది. బాగుందనిపించి అలాగే ఉంచేశారు.

మారియో మొదటి దశలో ఒక్క అక్షరం సూచన లేదు. ఇంగ్లిషు రాని పిల్లాడూ నిమిషంలో నేర్చుకుంటాడు. ఎదురుగా ఓ పురుగులాంటిది నడిచొస్తుంది. ఊరికే నిలబడితే చస్తావు. మీట నొక్కితే గెంతుతావు. ఒక్కసారి చస్తే చాలు, రెండోసారి చావవు. పలకా బలపం లేని బడి అన్నమాట!

అన్నకి మారియో, తమ్ముడికి లూయీజీ

ఆ ఆటలు నేర్పిన అసలు పాఠం తెరమీద లేదు. తెరముందు ఉంది. ఇంట్లో టీవీ ఒకటే. దానికోసం నాన్న వార్తలు, అమ్మ సీరియల్, నాయనమ్మ భక్తి పాటలు పోటీ. మిగిలిన గంటలో కరెంటుంటే ఆట. ఆ గంటకి అన్న, తమ్ముడు, పక్కింటి పిల్లాడు, వాళ్లింటికొచ్చిన చుట్టాలబ్బాయి... ఇంతమంది వాటాదార్లు! ‘నువ్వు చస్తే నేను’ అన్నదే చట్టం. తన వంతు వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం, ‘ఎడంపక్క... ఎడంపక్క’ అని అరవడం, అరిచినందుకు మొట్టికాయ తినడం, ఇవన్నీ ఆటలో భాగాలే.

మారియోలో ఇద్దరాడితే రెండోవాడికి దక్కేది లూయీజీ. కథప్రకారం లూయీజీ మారియోకి తమ్ముడు. ఇళ్లలోనూ అచ్చంగా అదే జరిగింది. అన్నలంతా మారియోలు, తమ్ముళ్లంతా లూయీజీలు! విచిత్రం చూడండి, జపాన్‌లో తయారైన అసలు ఫ్యామికామ్‌లో రెండో రిమోట్టుకి ‘స్టార్ట్’ మీటే లేదు. దాని బదులు ఓ చిన్న మైకు ఉండేది. ఆట మొదలుపెట్టాలన్నా తమ్ముడు అన్న మొహం చూడాల్సిందే.

కాంట్రాలో అయితే ఇద్దరూ ఒకేసారి దిగొచ్చు. అక్కడ మూడో దశలో జలపాతం ఎక్కాలి. అన్న తొందరపడి పైపైకి గెంతాడనుకోండి, తెరకూడా పైకి జరుగుతుంది. కింద మిగిలిపోయిన తమ్ముడు చచ్చిపోతాడు. శత్రువు చంపలేదు, అన్న తొందర చంపింది! ఆ జలపాతం దగ్గర తన్నుకోని అన్నదమ్ములు అరుదు. చివరికి ఇద్దరికీ అర్థమయ్యేది... ఎక్కితే కలిసి ఎక్కాలి, లేదంటే ఇద్దరిలో ఒకరే మిగులుతారని.

కాంట్రా అనగానే ఇంకో మంత్రం గుర్తొస్తుంది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. వరసగా నొక్కితే మూడు ప్రాణాలు ముప్ఫయ్ అయ్యేవి. దీన్ని కనిపెట్టింది కొనామీలో పనిచేసిన కజుహిసా హషిమొటో. 1986లో గ్రేడియస్ అనే ఆటని పరీక్షించేటప్పుడు అది మరీ కష్టంగా ఉందని తనకోసం పెట్టుకున్న దొంగదారి అది. తీసేయడం మరిచిపోయారు. 2020 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఆ పది మీటల్నీ తలచుకుంది.

ఈ ముచ్చట్లలో ఒక లోటు కూడా ఉంది. వంతులేసుకున్న ఆ గుంపులో అక్కచెల్లెళ్ల వంతు ఎప్పుడొచ్చింది? చాలా ఇళ్లలో వాళ్లు గోడకానుకుని చూశారు. ఏ ఇటుక వెనక నాణెముందో వాళ్లకే బాగా గుర్తు. రిమోట్టు మాత్రం వాళ్ల చేతికి మధ్యాహ్నం అన్నదమ్ములు వీధిలోకి క్రికెట్టుకి పోయినప్పుడే అందేది. ఇప్పుడు వాళ్లలో కొందరు తమ పిల్లలతో కూర్చుని తీరిగ్గా రాకుమారిని విడిపిస్తున్నారంటే, అది పాత బాకీ వసూలే!

రూపాయి బిళ్ల మింగిన ముస్తఫా

ఇంట్లో గేమ్ లేనివాళ్లకి వీధిలో గేమ్ షాపుండేది. చీకటి గది, బీరువాలాంటి నాలుగు డబ్బాలు, రూపాయి బిళ్ల వేస్తే ఆట. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌ని మన పిల్లలు అందులోని వీరుడి పేరుతో ‘ముస్తఫా’ అని పిలుచుకున్నారు. స్ట్రీట్ ఫైటర్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ కూడా అక్కడే.

పెద్దవాళ్లకి ఆ షాపంటే మంట. తప్పేం లేదు. నాన్న చొక్కాజేబులో చిల్లర మాయమైంది అక్కడికే. బడి ఎగ్గొట్టి దాక్కుంది అక్కడే. చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చిన దృశ్యాలు బోలెడు. అదీగాక ఆ డబ్బాల్లో ఆట కావాలనే కష్టంగా ఉండేది. పిల్లాడు ఎంత తొందరగా చస్తే షాపువాడికి అంత తొందరగా ఇంకో రూపాయి. ‘కంటిన్యూ?’ అంటూ పది నుంచి ఒకటిదాకా అంకెలు దిగుతుంటే జేబు తడుముకోవడం... ఆ బాధ తెలిసినవాళ్లకే తెలుసు.

కాబట్టి పాత ఆటలన్నీ బంగారం, కొత్తవన్నీ ఇత్తడి అనలేం. ఇంట్లో ఆటపెట్టె వేరు, వీధిలో డబ్బా వేరు. ఒకసారి డబ్బిచ్చి కొంటే ఇంకేమీ అడగనిది మొదటిది. చచ్చినప్పుడల్లా చేయి చాచేది రెండోది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఇప్పటి ఫోను ఆటల సంగతీ తేలిగ్గా అర్థమవుతుంది.

ఆట మారదు... ఆడేవాడే మారాలి

తెరమీద చదరపు చుక్కలు, టింగుటింగుమనే పాట. సినిమాలాంటి కొత్త ఆటలుండగా నలభయ్యేళ్లవాడు దీన్నే ఎందుకు వెతుక్కుంటాడు? చిన్నతనం గుర్తొస్తుందని కొందరంటారు. అది సగం నిజమే. ఒట్టి జ్ఞాపకమే అయితే పాత ఫొటో చూసినట్టు ఒకసారి చూసి పక్కనపెట్టాలి. కానీ కూర్చున్నవాడు లేవడేం?

ఎందుకంటే ఆ ఆట నిజాయతీగా ఉంటుంది. ఎనిమిదో ప్రపంచంలో గుంత పాతికేళ్ల కిందట ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఒక్క చుక్క జరగలేదు. మనల్ని చూసి తేలికవదు, మనం గెలుస్తున్నామని కష్టమవదు. డబ్బిస్తే దారివ్వదు. దాటితే అది మన వేలి గొప్ప. పడితే తప్పు మనదే. ఎవర్నీ తిట్టుకునే పనిలేదు. మద్దికెర గుర్రాల దారి కూడా అంతే. ఏటా అదే దారి. మారేది రౌతు పట్టు, గుర్రం సత్తా. దారి మారదు కాబట్టే గెలుపుకి విలువ.

ఈ మాటకి సాక్ష్యం అమెరికాలో దొరుకుతుంది. మాస్కోలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ కనిపెట్టిన టెట్రిస్ మనకి జాతర అంగళ్లలో దొరికిన ‘బ్రిక్ గేమ్’గా బాగా తెలుసు. పడుతున్న ఇటుకల్ని పేర్చే ఆట. నింటెండో యంత్రానికి 1989లో వచ్చిన టెట్రిస్‌లో 29వ దశే ఆఖరని ఏళ్ల తరబడి అనుకున్నారు. ఇటుకలంత వేగంగా పడతాయక్కడ. ఆడేవాళ్లు ఊరుకోలేదు. మీట నొక్కే పద్ధతులే కొత్తవి కనిపెట్టారు. రిమోట్టు వెనకవైపు వేళ్లతో తాళం వేసినట్టు కొట్టడం వాటిలో ఒకటి. 2023 డిసెంబరు 21న ఓక్లహామా రాష్ట్రానికి చెందిన 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్ 157వ దశకి చేరాడు. అక్కడ ఆటే ఆగిపోయింది! ఇక నడవలేనని యంత్రం చేతులెత్తేసింది. ఆ స్థితికి చేరిన మొదటి మనిషి ఆ పిల్లాడే.

ఆ ఆట అతడు పుట్టడానికి రెండు దశాబ్దాల ముందుది. కొద్దిరోజుల కిందటే అతడు తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆ గెలుపుని నాన్నకే అంకితమిచ్చాడు. చిన్ననాటి జ్ఞాపకాలే పాత ఆటకి బలమైతే, ఆ కాలమే చూడని పిల్లాడికి అందులో ఏం దొరికినట్టు? మారని దారి దొరికింది. అందులో తన వేళ్లతో ముందెవరూ చేరనిచోటికి వెళ్లాడు.

చేయి చాచే ఆటలు

ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న ఆటలు చాలావరకు ఉచితమే. దిగుమతి చేసుకోవడానికి పైసా అక్కర్లేదు. అసలు బేరం ఆ తర్వాతే మొదలవుతుంది. ఆయుధం కావాలా? డబ్బు. ప్రాణం కావాలా? అరగంట ఆగు, లేదా డబ్బు. పెట్టె తెరిస్తే ఏముంటుందో తెలీదు, తెరవడానికి మాత్రం డబ్బు. ఇలాంటి కొన్ని పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చిచెప్పింది. వీధిచివర గేమ్ షాపు మూతపడిందని సంతోషించిన అమ్మానాన్నలు ఒక సంగతి గమనించాలి. అది మూతపడలేదు, జేబులోకొచ్చింది!

నేరుగా డబ్బు పందెం కాసే ఆటల సంగతి ఇంకా తీవ్రం. ఆన్‌లైన్ పందేలవల్ల అప్పులపాలైన కుటుంబాల గోడు చూసి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధానికి దిగాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. చట్టం తలుపు వేయగలదు. కానీ ఏది ఆటో, ఏది ఎరో పిల్లలకి తెలియజెప్పాల్సింది ఇంట్లోనే.

అందుకో తేలిక మార్గం పాత ఆటే. పక్కన కూర్చుని ఒక గంట ఆడించండి. ఇందులో పడితే డబ్బు అడగదు, మళ్లీ మొదలుపెట్టమంటుంది. గెలిస్తే ఇంకోటి కొనమనదు, ‘అయిపోయింది’ అంటుంది. అయిపోయే ఆటని ఒకసారి చూసిన పిల్లలకి అయిపోని ఆటమీద అనుమానం పుడుతుంది. అదే మొదటి మెట్టు.

అటక మీది పెట్టె

అయితే ఆడించడానికి ఆ పెట్టె ఎక్కడ? నింటెండో ఫ్యామికామ్ తయారీని 2003లో ఆపేసింది. 2007 తర్వాత మరమ్మతులూ మానేసింది. దాన్ని రూపొందించిన ఉయెమురా 2021 డిసెంబరులో కన్నుమూశారు. మన ఇళ్లలో లావు టీవీలు పాతసామాన్ల బండి ఎక్కాయి. వాటితోపాటే ఆ తుపాకీ, వైర్లు తెగిన రిమోట్టు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. అంత పెద్ద మార్కెట్లోనే అలా ఉంటే, పేరూ ఊరూ లేని నకళ్లతో నడిచిన మన బాల్యాన్ని ఎవరు దాచాలి?

కొన్ని దారులున్నాయి. నింటెండో 2016లో ముప్ఫయ్ ఆటలతో ఆ పాత యంత్రాన్ని అరచేతిలో పట్టేలా మళ్లీ చేసింది. దుకాణాల్లో పెట్టగానే ఖాళీ అయిపోయింది. సంస్థలు తమ పాత ఆటల్ని కొత్త యంత్రాల్లోనూ అమ్ముతున్నాయి. అన్నిటికంటే ముందు మీ ఇంటి అటక ఒకసారి చూడండి. దొరికితే అడాప్టర్ వైరు తెగిందేమో చూసుకున్నాకే ప్లగ్గు పెట్టండి. క్యాసెట్టు పట్టీలు మురికిగా ఉంటే స్పిరిట్‌లో అద్దిన దూదితో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఈసారైనా ఊదకండి!

ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. దసరా సెలవులు. పట్నంనుంచి కొడుకు పిల్లల్తో సహా ఊరొచ్చాడు. పొద్దున ఉగ్గాని, బజ్జీలు అయ్యాయి. సాయంత్రం గుర్రాలు పరిగెత్తాయి. రాత్రికి నడిమింట్లో పాత టీవీ వెలిగింది. మనవరాలు రెండో రిమోట్టు పట్టుకుని మొదటి గుంతలోనే పడింది.

‘‘సేవ్ ఎక్కడుంది నాన్నా?’’

‘‘సేవ్ లేదమ్మా. చస్తే మళ్లీ మొదట్నుంచే’’

‘‘కరెంటు పోతే?’’

‘‘అప్పుడు కూడా’’

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి గుంత దాటేసింది. దాటగానే ఎగిరి గంతేసింది. ముప్ఫయ్యేళ్ల కిందట ఇదే గదిలో వాళ్ల నాన్న వేసిన గంతే!

వంటింట్లోంచి నాయనమ్మ కేకేసింది. ‘‘బువ్వ సల్లారిపోతాంది, రాండి నాయనా!’’

అప్పట్లో ఒక గొంతే జవాబిచ్చేది. ఇప్పుడు రెండు గొంతులు కలిసి అన్నాయి.

‘‘ఉండు... ఇంకా ఒక లైఫుంది!’’